ఇది రికార్డు కాదు

ఆ బుధవారం పొద్దున మైకు బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, గడ్డం గీసుకోవాలి, ముఖానికి మాస్కు, తలకు మఫ్లరు, కళ్ళకు పాత నల్ల కళ్ళజోడు తగిలించుకోవాలి. సైకిలెక్కి ఊరికి అవతలి కొసన ఉన్న బడికి వెళ్ళాలి. అక్కడ చెయ్యి చాపి టీకా వేయించుకుని, మూడో కంటికి తెలియకుండా పదింటికల్లా ఇంటికొచ్చి పడాలి. మాస్కు వెనక గడ్డం ఎవరు చూస్తారని మీరు అడగొచ్చు. భయపడ్డ మనిషి ముందు గడ్డమే గీసుకుంటాడు, అదంతే.

టీకా వేయించుకోవడానికి దొంగలా వెళ్ళడం దేనికంటారా? అక్కడే ఉంది తిరకాసు. ఆయన ఎప్పుడో వేయించుకున్నాడని ఊరంతా నమ్ముతోంది. ఊరికే నమ్మడం కాదు, ఆయన నోటితో ఆయనే చెప్పగా విన్నది. ఒకసారి కాదు, రోజుకు నలభైసార్లు, మూడు నెలలుగా వింటూనే ఉంది.

మైకు బాబాయి ముప్పై ఏళ్ళుగా మైకులో ప్రకటనలు చదివి బతుకుతున్నాడు. తప్పిపోయిన పిల్లలు, చెప్పుల దుకాణంలో తగ్గింపు ధరలు, కుళాయిలు రాని రోజులు, ఎన్నికలు, అన్నీ ఆయన గొంతులోంచే ఊరికి తెలిశాయి. పొద్దున ఒక అభ్యర్థి దేవుడని చదివి, మధ్యాహ్నం భోంచేసొచ్చి అదే అభ్యర్థి దొంగ అని చదివిన రోజులున్నాయి. రెండుసార్లూ గొంతు ఒకేలా ఖంగుమని మోగింది. రాసిచ్చింది చదవడం ఆయన పని. అది నిజమో కాదో చూడటం ఆ పనిలో లేదు. ఊళ్ళో ఆయన ముఖం గుర్తుపట్టేవాళ్ళు వందమంది ఉంటారేమో, గొంతు గుర్తుపట్టనివాడు మాత్రం ఒక్కడూ లేడు. ఎనభై ఏళ్ళ ముసలాయన కూడా ఆయన్ని బాబాయనే పిలుస్తాడు.

మహమ్మారి వచ్చింది, ఊరు మూతపడింది, కొన్నాళ్ళకు టీకాలొచ్చాయి. జనం మాత్రం రాలేదు. అప్పుడు ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ ఒక కాగితం రాసి పంపింది. మైకు బాబాయి కుర్చీలో కూర్చుని ఒక్క గుక్కలో చదివి రికార్డు చేయించేశాడు. చివర్లో ఇలా ఉంది: “నేను వేయించుకున్నాను. నాకేమీ కాలేదు. మీరూ రండి!” చదివేటప్పుడు ఆ ‘నేను’ తనేనని ఆయనకు తట్టనే లేదు. అంతకు ముందు వారమే “ఈ చెప్పులు నేను నలభై ఏళ్ళు తొడిగాను” అని కూడా చదివాడు మరి. ఆరోగ్య కేంద్రం డ్రైవరు ఆ రికార్డును వ్యానులో పెట్టి వీధి వీధీ తిప్పడం మొదలుపెట్టాడు. గొంతు తెలిసిన మనిషి చెప్పేసరికి జనం కాస్త కదిలారు, బడి ముందు వరస పెరిగింది, డాక్టరమ్మ ముఖంలో నవ్వు కనిపించింది.

ఇక్కడిదాకా ఎవరికీ ఏ నష్టమూ లేదు. అసలు చిక్కంతా ఆయన భార్య దగ్గరొచ్చింది.

ఆవిడ గుట్టమీది వృద్ధుల ఆశ్రమంలో వంటమనిషి. అరవైమందికి మూడు పూటలా వండి పెడుతుంది. జబ్బు ఊళ్ళోకి రాగానే ఆశ్రమం వాళ్ళు ముసలివాళ్ళకి అంటకూడదని గేటు మూసేశారు, పనివాళ్ళందరినీ లోపలే ఉంచేసుకున్నారు. పది రోజులన్నారు. పది రోజులు నెలయింది, నెల ఐదు నెలలయింది. గేటుకు ఇనప రేకు కొట్టారు, వంటిల్లు వెనకెక్కడో ఉంది, పనివాళ్ళు గేటు దగ్గరికి రాకూడదు. ఇంటికీ గుట్టకీ మధ్య దూరం సైకిలు మీద పది నిమిషాలు. ఆ పది నిమిషాల అవతల ఉన్న మనిషిని ఆయన ఐదు నెలలుగా చూడలేదు. వాళ్ళకు పిల్లల్లేరు. ఉన్నదంతా ఆవిడే.

సాయంత్రం ఏడింటికి, అక్కడ గిన్నెలు కడగడం అయ్యాక, ఆవిడ ఫోన్ చేసేది. ఆయన ఆరింటి నుంచే ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. పావుగంట మాట్లాడుకునేవాళ్ళు. ఆ తర్వాత ఇల్లు మరీ పెద్దదైపోయినట్టుండేది. ఉన్నవి రెండే గదులు, వాటిలో ఎక్కడ కూర్చోవాలో ఆయనకు తెలిసేది కాదు. గోడకున్న ఆవిడ చేతిసంచీ తీసి, దులిపి, మళ్ళీ అక్కడే తగిలించేవాడు. ఊరంతా వినేలా మాట్లాడే మనిషి ఇంట్లో ఒక్కడే కూర్చుని గోడ గడియారంతో మాట్లాడేవాడు.

రికార్డు మొట్టమొదట గుట్ట కింద నుంచి వెళ్ళిన రోజు ఆవిడ ఫోన్ వేళకు ముందే మోగింది.

“ఏమండీ! విన్నాను. వేయించుకున్నారట! నాకొక్క మాటైనా చెప్పలేదే?”

“అది... ఏంటంటే...”

“మీరు భయపడతారనుకున్నానండీ. ఎంత ధైర్యమండీ మీకు!”

ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని మతిమరుపు మనిషన్నది, మొద్దన్నది, ఒకసారి కోపంలో ఇంకా చాలానే అన్నది. ధైర్యవంతుడని మాత్రం ఎన్నడూ అనలేదు. అంత దూరం నుంచి అంత ముద్దుగా వచ్చిన మాటను ఎవరు మాత్రం వెనక్కి పంపిస్తారు? “ఏదో, నా వంతు...” అని నసిగి ఊరుకున్నాడు. ఇంకో రెండు నెలలయ్యాక “రెండోది కూడా అయిందా?” అంటే “ఆఁ” అన్నాడు. ఆ ‘ఆఁ’ పలకడానికి ఎంతసేపూ పట్టలేదు.

నిజానికి ఆయనకు టీకా అంటే హడల్. ఈ హడల్ పుట్టింది వీధి చివర సెలూన్లో. సెలూనాయన కత్తెర ఆడిస్తూ ఏది చెప్పినా నిజంలాగే ఉంటుంది. ఎక్కడో ఎవరో పాటలు పాడే మనిషి టీకా వేయించుకుంటే మర్నాటికి గొంతు మూసుకుపోయిందని చెప్పాడు. ఏ ఊరంటే తెలియదు, ఎవరంటే తెలియదు, “నమ్మితే నమ్ము బాబాయ్, లేకపోతే లేదు” అన్నాడు. మైకు బాబాయి నమ్మాడు. కాలు పోయినా వ్యానులో కూర్చుని చదవొచ్చు. గొంతు పోతే ఆయన దగ్గర ఇంకేం మిగులుతుంది?

మంగళవారం సాయంత్రం ఆవిడ ఫోన్లో చిన్నపిల్లలా గెంతినంత పని చేసింది. “ఏమండీ, ఆదివారం నుంచి రెండు టీకాలూ అయినవాళ్ళని లోపలికి రానిస్తారట! తోటలో గంటసేపు కూర్చోవచ్చట. కాగితం ఒకటి చూపిస్తే చాలట. వస్తారుగా?”

“రాకుండా ఉంటానా!” అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక కాగితం సంగతి తట్టింది. రెండు టీకాల కాగితం కాదుగదా, ఆయన దగ్గర సగం టీకా కాగితం కూడా లేదు. ఆవిణ్ణి చూడాలి, గంటసేపు పక్కన కూర్చోవాలి. ఆ కోరిక ముందు గొంతు భయం మొదటిసారి కాస్త వెనక్కి తగ్గింది. కనీసం ఒకటైనా వేయించుకుంటే ఆ కాగితం గేటు దగ్గర ఊపి, “రెండోది ఇంట్లో మర్చిపోయాను, నాకు మతిమరుపు, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి” అని గట్టెక్కొచ్చు. ఇదీ బుధవారం పథకం వెనకున్న కథ.

పథకంలో ఉన్న ఒకే ఒక్క లోపం ఆయనకు బడి గేటు దాటాక గానీ తెలియలేదు. ముఖం దాచాడు సరే, నోరు తెరిస్తే?

నేలమీద సుద్దతో గీసిన గుండ్రాల్లో జనం దూరం దూరంగా నిలబడ్డారు. బల్ల వెనక నర్సమ్మ తలెత్తకుండా “పేరు?” అంది. ఆయన మాట్లాడకుండా గుర్తింపు కార్డు ముందుకు తోశాడు. కార్డు మీది అసలు పేరు నర్సమ్మ ఎరగదు, ఫోటోలో ఉన్నది నల్లజుట్టు కుర్రాడు కాబట్టి అటునుంచి ప్రమాదం లేదు.

“వయసు యాభై ఎనిమిదేనా?” తల ఊపాడు.

“జబ్బులేమైనా ఉన్నాయా?” తల అడ్డంగా ఊపాడు.

“మాట్లాడరేంటి బాబాయ్? మాటలు రావా?”

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. వెనక నలభైమంది ఉన్నారు. ఒక్క ముక్క మాట్లాడితే నలభైమందీ ఎగిరిపడతారు. రావన్నట్టు చెయ్యి తిప్పాడు.

నర్సమ్మ మనసు నీరైపోయింది. “అయ్యో పాపం! మాటలు రాని మనిషి, దారివ్వండి!” అని కేకేసింది. వరసంతా పక్కకు జరిగింది. ఒక ముసలమ్మ ఆయన భుజం తట్టబోయి, దూరం గుర్తొచ్చి గాల్లోనే తట్టింది. నర్సమ్మ ఎందుకో గానీ అక్కణ్ణుంచి ఆయనతో అరిచి మాట్లాడటం మొదలుపెట్టింది. “నొప్పి... ఉండదు! చీమ... కుట్టినట్టు!” అంటూ వేళ్ళతో చీమను కూడా చేసి చూపించింది.

చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో కూర్చున్నాడో లేదో, కిటికీ అవతల వ్యాను వచ్చి ఆగింది. “నేను వేయించుకున్నాను. నాకేమీ కాలేదు. మీరూ రండి!” అని ఆయన గొంతు బడంతా మోగిపోయింది.

“విన్నావా బాబాయ్? అంత పెద్దమనిషే వేయించుకున్నాడు. మా అందరికీ ఆయనే ధైర్యం,” అని నర్సమ్మ సూది దించింది. పళ్ళ బిగువున కేక మింగేశాడు. అయిపోయింది. నిజంగానే పెద్ద నొప్పి లేదు. ఇంతోటి దానికి మూడు నెలలు చచ్చానా అని తనమీద తనకే అసహ్యం వేసింది. గొంతులో మెల్లగా “ఊఁ” అని చూసుకున్నాడు. ఉంది. బాగానే ఉంది.

అరగంట కూర్చోమంటే వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. కాగితం జేబులో ఉంది, ఆదివారం కళ్ళముందు కనిపిస్తోంది, మనసు గాల్లో తేలిపోతోంది. అప్పుడే బడి ప్రహరీ పక్కన తచ్చాడుతున్న సెలూనాయన లోపలికి తొంగిచూశాడు. వేయించుకుందామా వద్దా అని ఆయన కూడా ఊరవతలికి దొంగచాటుగా వచ్చినవాడే, కాకపోతే ప్రహరీ దాటే ధైర్యం చాల్లేదు. మైకు బాబాయి సైకిలు చూశాడు, మఫ్లరు చూశాడు, దగ్గరికొచ్చాడు.

“బాబాయ్! నువ్వేంటి ఇక్కడ?”

మైకు బాబాయి పక్కకు చూశాడు. రెండడుగుల అవతల నర్సమ్మ నిలబడి ఉంది. మాట్లాడితే అబద్ధం బయటపడుతుంది. ఇప్పుడు మాట్లాడలేను, టీకా వేయించుకున్నాను, తర్వాత చెప్తాను అని సైగ చెయ్యాలనుకున్నాడు. ముందు చేతిమీద సూది గుచ్చిన చోటు చూపించాడు. తర్వాత గొంతు చూపించి చెయ్యి అడ్డంగా తిప్పాడు. తర్వాత ఆకాశం వైపు చూపించాడు, అంటే సాయంత్రం అని ఆయన ఉద్దేశం.

సెలూనాయన ముఖం పాలిపోయింది. సందేహంగా నర్సమ్మ వైపు చూశాడు. “ఆయనకి మాటలు రావండీ, పాపం,” అంది ఆవిడ. అంతే, సెలూనాయన కాళ్ళకు పనిచెప్పాడు. ఆయన ఇన్నాళ్ళూ చెప్పింది తనకే పూర్తిగా నమ్మకంలేని కథ. ఇప్పుడది కళ్ళారా చూశాడు.

మైకు బాబాయి ఇంటికెళ్ళి, ఒళ్ళు కాస్త వెచ్చబడితే మాత్ర వేసుకుని నిద్రపోయాడు. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది, చూసుకోలేదు. ఆయన పడుకున్నంతసేపూ ఊళ్ళో ఆయన ఆరోగ్యం గంటగంటకీ దిగజారింది. సెలూన్లో మొదటి కుర్చీ దగ్గర ఆయనకు గొంతు పోయింది. రెండో కుర్చీకి వచ్చేసరికి గొంతుతోపాటు కుడిచెయ్యి పోయింది. కూరగాయల దుకాణం దగ్గర ఆసుపత్రిలో చేరాడు. బస్టాపు దగ్గర ఆయన్ని వేరే ఊరికి తరలించేశారు. వ్యాను ఆయన గొంతు వినిపిస్తూ వస్తే జనం తలుపులు వేసుకున్నారు. “చూశారా, మనిషికి మాట పడిపోయింది. అందుకే రికార్డు పెట్టుకుని తిప్పుతున్నారు!”

గురువారం పొద్దున డాక్టరమ్మ డ్రైవర్ని వెంటబెట్టుకుని ఆయన తలుపు దబదబా బాదింది. రోజూ రెండొందలమంది వచ్చేచోటికి ఆ పొద్దున ఆరుగురే వచ్చారు. అందులో ఇద్దరు దారి అడగడానికి వచ్చినవాళ్ళు.

“మైకు గారూ, మీ గొంతేమైంది?”

“ఏమీ కాలేదే! ఇదిగో, ఇక్కడే ఉంది కదండీ!” అన్నాడాయన నిద్రకళ్ళతో.

డాక్టరమ్మ చేతిలోని రిజిస్టరు తెరిచి చూపించింది. “నిన్న మొదటి టీకా వేయించుకున్నది మీరేనా? మరి మూడు నెలల్నుంచీ ‘నేను వేయించుకున్నాను’ అని చెప్తున్నదెవరు?”

“అది మీరు రాసిచ్చారండీ. నేను చదివాను.”

“నిజమో కాదో చూసుకోరా చదివేముందు?”

“మీరూ అడగలేదుగా తల్లీ రాసేముందు,” అన్నాడు. ఆ మాట నిజమే కాబట్టి డాక్టరమ్మకు కోపం ఇంకా పెరిగింది.

“వ్యానెక్కండి. రికార్డు లేదు, ఏమీ లేదు. మీరే స్వయంగా మాట్లాడాలి. ఊరంతా తిరగాలి!”

ఫోన్ చార్జింగులో పెట్టి, చొక్కా తొడుక్కుని వ్యానెక్కాడు. “అమ్మలారా, అయ్యలారా! నేను మైకు బాబాయిని. నా గొంతు నిక్షేపంలా ఉంది!” అని మొదటి వీధిలో ఖంగుమన్నాడు. కిటికీలోంచి ఒకావిడ పక్కింటావిడతో అంటోంది, “కొత్త రికార్డు చేసినట్టున్నారు. పాపం, మాట పడిపోకముందు చేయించి ఉంటారు.”

“రికార్డు కాదమ్మా, నేనే!” అన్నాడు మైకులో.

“చూశావా, అది కూడా రికార్డులో పెట్టారు,” అందావిడ.

మైకు బాబాయికి తల ప్రాణం తోకకొచ్చింది. డ్రైవరు అద్దంలోంచి చూసి, “బాబాయ్, ముందుగా రికార్డు చేయలేనిది ఏదైనా చెప్పు. ఎదురుగా కనిపించేది చెప్పు,” అన్నాడు. అది బాగా పనిచేసింది, మరీ బాగా పనిచేసింది.

“ఇది రికార్డు కాదు, నేనే! మేడ మీద ఆకుపచ్చ దుప్పటి ఆరేసిన అమ్మగారూ, ఒక కొస జారింది చూసుకోండి! పసుపు గేటు ఇంటి మాస్టారూ, చొక్కా తిరగేసి తొడుక్కున్నారు! కిటికీలో సిగరెట్టు కాలుస్తున్న పెద్దాయనా, మీ కోడలు గారు వెనకే నిలబడ్డారు!”

వీధి గొల్లుమంది. తలుపులు తెరుచుకున్నాయి. మాస్టారు లోపలికి పరిగెత్తారు. పెద్దాయన సిగరెట్టు ఏమైందో తెలియదు గానీ ఆ ఇంట్లోంచి కేకలు వినిపించాయి. తర్వాత ఎవరి గుట్టు బయటపడుతుందో చూద్దామని జనం మాస్కులు తగిలించుకుని వ్యాను వెనక నడవడం మొదలుపెట్టారు. మూడు వీధులు దాటేసరికి అదో ఊరేగింపయింది. “దూరం, దూరం!” అని డాక్టరమ్మ వ్యాను పక్కన నడుస్తూ మొత్తుకుంటోంది. మైకు బాబాయికి ఊపొచ్చింది. తన గొంతు తన కళ్ళముందే మళ్ళీ బతికింది. ఆ ఊపులో వ్యాను గుట్ట దారి పట్టిందని కూడా గమనించలేదు.

ఆశ్రమం గేటు దగ్గర ఆవిడ నిలబడి ఉంది.

కూరలు తెచ్చిన మనిషి పొద్దునే ఆవిడకు కబురు చేరవేసింది, నిన్న బడి దగ్గర టీకా వేయించుకుని మీ ఆయనకి మాట పడిపోయిందట అని. ఫోన్ చేస్తే పలికేవాళ్ళు లేరు. వంటింట్లోంచి చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చి, కాపలావాడు వద్దంటున్నా వినకుండా రేకు గేటు తీయించి, దారిమీదికి చూస్తూ ఏడుస్తోంది. వ్యాను గొంతు దూరం నుంచే వినపడింది. ఆవిడ కూడా తల కొట్టుకుంది. “మనిషి మూగవాడైపోతే ఇంకా ఆ రికార్డు తిప్పుతారా, మీకు మనసే లేదా!”

వ్యాను గుట్ట ఎక్కి ఆగింది. మైకు బాబాయి ఆవిణ్ణి చూశాడు. ఐదు నెలల తర్వాత చూశాడు. చేతిలో మైకు ఉంటే నోటి దగ్గర్నుంచి దించే అలవాటు ఆయనకు ముప్పై ఏళ్ళుగా లేదు. అందుకని ఆయన అన్న మొదటి మాట గుట్ట కిందున్న ఊరంతా విన్నది.

“ఏమే... ఇంత చిక్కిపోయావేంటే!”

ఆవిడ చేతిలో గరిటె కిందపడింది. “ఏమండీ! మీకు మాటొచ్చిందా?”

“పోతేగా రావడానికి!”

ఆవిడ నవ్వబోయి ఏడ్చింది, ఏడవబోయి ఆగింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, భార్యలకు మాత్రమే వచ్చే ఆ ప్రశ్న అడిగింది. “అయితే నిన్న ఆ టీకాల దగ్గర ఏం చేస్తున్నారు మీరు? మీకు రెండూ అయిపోయాయిగా?”

జనం ఒకడుగు ముందుకు జరిగారు. డాక్టరమ్మ మైకు ఆపమని డ్రైవరుకు సైగ చేసింది. డ్రైవరు చూడలేదు, ఆయన స్టీరింగు మీద గడ్డం ఆనించి వినడంలో మునిగిపోయాడు.

“అవలేదే,” అన్నాడు మైకు బాబాయి. “నిన్నే మొదటిది. మూడు నెలలుగా నీతో అబద్ధమే చెప్పాను. ఊరికీ అదే చెప్పాను. గొంతు పోతుందని భయమేసింది. నువ్వు ధైర్యమన్నావు చూడు, ఆ మాట వదులుకోబుద్ధి కాలేదు.”

“మరి నిన్న మాత్రం ఎందుకెళ్ళారు?”

“ఆదివారం రమ్మన్నావుగా.” ఆయన గొంతు బొంగురుపోయింది. లౌడుస్పీకరు ఆ బొంగురును కూడా దాచకుండా ఊరికి చేరవేసింది. “ఇంట్లో తోచడం లేదే. తడి తువ్వాలు మంచం మీద పడేసి నువ్వు అరుస్తావేమోనని చూస్తాను. ఎవరూ అరవరు. మళ్ళీ నేనే తీసి ఆరేసుకుంటాను. గొంతు పోతే పోయింది, నిన్ను ఒక్క గంట చూస్తే చాలనిపించింది.”

వెనక ఊరేగింపులో ఎవరో ముక్కు చీదారు. ఆవిడ అలాగే గేటు పక్కన అరుగు మీద కూలబడింది. ఇప్పుడు తిట్లు మొదలవుతాయని మైకు బాబాయి సిద్ధపడ్డాడు, నిజం చెప్పాలంటే ఆశపడ్డాడు. ఆవిడ తలెత్తలేదు.

“నేనూ వేయించుకోలేదండీ,” అంది.

“ఏంటీ? మీ ఆశ్రమంలో అందరికీ వేశారుగా?”

“వేశారు. ఆ రోజు జ్వరమని పడుకున్నాను. ఇంకోసారి వచ్చినప్పుడు నడుంనొప్పన్నాను. మూడోసారి గిడ్డంగిలో దాక్కున్నాను.” ఆవిడ కుడిచెయ్యి ముందుకు చాపి చూపించింది. “అరవైమందికి గరిటె తిప్పే చెయ్యి. ఇది పడిపోతే నన్నెవరు ఉంచుకుంటారు? మీకెవరు వండిపెడతారు?” ఆ తర్వాత అసలు మాట బయటపెట్టింది. “వేయించుకున్నవాళ్ళని ఆదివారం ఆదివారం ఇంటికి పంపిస్తున్నారండీ. మూడు నెలలయింది. మీతో ఎవర్నీ వదలడం లేదని చెప్పాను.”

“మూడు నెలలా!” అని లౌడుస్పీకరు అదిరింది.

“మొగుడేమో రోజూ గుట్ట కింద నుంచి నేను వేయించుకున్నాను, నాకేమీ కాలేదు అని చెప్పుకుంటూ పోతుంటే, నాకు భయంగా ఉందని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? మీ గొంతు వినపడినప్పుడల్లా వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను.”

మైకు బాబాయి వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయాడు. పన్నెండు ఆదివారాలు. ఆయన ఇక్కడ గడియారంతో మాట్లాడుతుంటే ఆవిడ అక్కడ గిడ్డంగిలో బస్తాల మధ్య దాక్కుంది. ఇద్దరికీ ఉన్నది ఒకటే భయం, మధ్యలో గోడకట్టింది ఆయన గొంతే. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. నిబంధన ప్రకారం పదడుగుల దూరంలోనే ఉండాలి. ఉన్నాడు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. మూడు నెలల ప్రచారం లౌడుస్పీకర్లో నిట్టనిలువునా కూలిపోయిందనుకుంది. అంతలో ఊరేగింపులోంచి ఒక ముసలమ్మ గట్టిగా, “అయితే ఈయనకీ భయమేనా! నా ఒక్కదానికే అనుకుని సిగ్గుపడి చచ్చాను!” అంది. పక్కనున్నావిడ “నాకూ అంతే పిన్నీ” అంది. తిరగేసిన చొక్కా సరిగ్గా తొడుక్కొచ్చిన మాస్టారు, “నేను వేయించుకున్నానని బళ్ళో అందరికీ చెప్పానండీ, వేయించుకోలేదు,” అని నేలచూపులు చూశారు. అలా ఒక్కొక్కరూ ఒప్పుకుంటూ పోతే, వేయించుకోనివాళ్ళ లెక్క డాక్టరమ్మ రిజిస్టరులో ఉన్నదానికంటే చాలా ఎక్కువని తేలింది.

శుక్రవారం బడి ముందు సుద్ద గుండ్రాలు చాలక వీధిలోకి కూడా గీయాల్సొచ్చింది. అందరికంటే ముందు గుండ్రంలో సెలూనాయన ఉన్నాడు. “ఊరికే చూద్దామని వచ్చాను,” అన్నాడు అడిగినవాళ్ళతో. చొక్కా చెయ్యి అప్పటికే భుజం దాకా మడిచి ఉంది. అదే రోజు నర్సమ్మ గుట్టెక్కి, గిడ్డంగి తలుపు తీసి, వంటావిడకు కూడా టీకా వేసింది. చెయ్యి పడిపోలేదు. మధ్యాహ్నం అదే చేత్తో అరవైమందికీ వడ్డించింది. మైకు బాబాయికి కాగితం మీద ఒక్క టీకాయే ఉంది కాబట్టి ఆ ఆదివారం తోటలోకి రానివ్వలేదు. పనివాళ్ళకు ఒక్క టీకా చాలు కాబట్టి, ఆవిడకు పధ్నాలుగు రోజులాగితే ఇంటికి వెళ్ళే వీలుందన్నారు. ఐదు నెలలకంటే ఆ పధ్నాలుగు రోజులే ఆయనకు పొడుగ్గా తోచాయి.

పధ్నాలుగు రోజులూ దాటాక ఆదివారమొచ్చింది. ఆవిడ తొమ్మిదింటికి వస్తుంది, ఆరింటికి మళ్ళీ గేటు లోపల ఉండాలి. మైకు బాబాయి ఇల్లు రెండుసార్లు ఊడ్చాడు. చెప్పాల్సినవన్నీ మర్చిపోకుండా ఒక కాగితం మీద వరసగా రాసుకున్నాడు. అటూ ఇటూ రెండు వైపులా నిండింది. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా గుమ్మంలో అడుగుల చప్పుడైంది. ఆవిడ లోపలికొచ్చింది, చేతిసంచీ ముట్టుకుని చూసింది, ఇల్లంతా ఒకసారి కలయజూసింది, ఆయన వైపు చూసింది. ఆయన దగ్గరికెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

“ఒక్క ఐదు నిమిషాలు నడుం వాల్చనా? తెల్లవారుజామున మూడింటికి లేచి అక్కడి వంటంతా చేసొచ్చాను,” అంది ఆవిడ. మంచం మీద వాలింది. వాలీ వాలగానే నిద్రపోయింది.

ఐదు నిమిషాలు గంటయింది, గంట ఎనిమిది గంటలయింది. ఆయన స్టూలు తెచ్చుకుని మంచం పక్కన కూర్చున్నాడు. కిటికీ మూశాడు. ఏదో పనిమీద వచ్చిన డ్రైవర్ని వేలు పెదవులమీద పెట్టి వాకిట్లోంచే పంపించేశాడు. ఆవిడ గురక మెల్లగా గది నిండా పరుచుకుంది. ఇన్నాళ్ళకు ఇల్లు మళ్ళీ రెండు గదులంత అయింది. రాసుకున్న కాగితం జేబులోంచి తీయనే లేదు.

ఐదింటికి ఆవిడ ఉలిక్కిపడి లేచింది. “అయ్యో, పొద్దంతా నిద్రపోయానా! లేపొచ్చుగా? ఏవేవో చెప్తానన్నారు!”

“వచ్చే ఆదివారం చెప్తాలే,” అన్నాడు.

సైకిలు వెనక కూర్చోబెట్టుకుని గుట్టదాకా దింపి వచ్చాడు. ఐదు నెలలు ఎదురుచూస్తే వచ్చి నిద్రపోయిందని ఆవిడతో మాత్రం అనలేదు. మర్నాడు సెలూన్లో అన్నాడు, అదీ గర్వంగా.